తక్కువ వడ్డీ

ఉడకబెట్టిన వడ్లను ఎండలో పాదాలతో తిరగేస్తున్న మొర్జినాతో, మొగుడు ఖలేక్ ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు. "సమితిలో వడ్డీ సగానికి తగ్గించారటే. ఈసారి రెండింతలు అడుగు."

అతను మెత్తగా మాట్లాడాడంటే డబ్బు కోసమేనని ఆమెకు తెలుసు. గాయ్‌బాంధా జిల్లా పల్లెల్లో పొదుపు సమితి అప్పు ఆడవాళ్ళ పేరునే ఇస్తారు. మగవాళ్ళయితే ఊరొదిలి పోతారు, ఆడది ఎక్కడికి పోతుంది గనక! కిందటి అప్పు చేతికొచ్చిన పూటే ఖలేక్ లాక్కుని పేకాటలో పోశాడు. వారం వారం వాయిదా మాత్రం ఊళ్ళోవాళ్ళ వడ్లు ఉడికించి, ఆరబెట్టి మొర్జినాయే కట్టింది. ఒక్క వారం వాయిదా తప్పినందుకు సమితి సారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సమితిలోని తోటి ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు వడ్డీ చవకట. అది ఎంత చవకైతే ఇతను అంత ఎక్కువ తెమ్మంటాడు. తీర్చాల్సిన ఒళ్ళు మాత్రం ఒకటే.

"లిపి పదో తరగతి పరీక్ష ఫీజుకి ఇవాళే ఆఖరు," అంది కూతురి సంగతి ఎత్తుతూ మెల్లగా.

"దానికి పరీక్షేంటి? అప్పు పెద్దదవుతోందిగా, నీతోపాటు అదీ వడ్లు ఉడికిస్తుంది. సంతకం పెట్టకుండా ఇంటికి రాకు," అన్నాడు అదే గొంతుతో.

సమితిలో సారు కాగితం ముందుకు తోశాడు. "ఇంత తక్కువ వడ్డీ మళ్ళీ రాదు మొర్జినా. ఇంకా ఆలోచనేంటి?"

"నాకొద్దు సారూ."

"లెక్కలు రాకపోతే ఇంతే," అని ఆయన నవ్వాడు. పక్కనున్న ఆడవాళ్ళూ నవ్వారు.

ఆమె తిన్నగా నూర్బాను ఇంటికి పోయింది. ఊళ్ళోవాళ్ళు ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచే నూర్బాను గుట్టుగా అప్పులిచ్చే ముసలావిడ. నెలకు నూటికి పది వడ్డీ, ఏ మొగుడికీ చెప్పదు. మొర్జినా ఫీజుకు సరిపడా తీసుకుంది, లిపిని బడి నుంచి పిలిపించి చేతిలో పెట్టింది.

"కట్టేశాక ఇంటికి రావద్దు. మామయ్య ఇంటికి పో."

"నువ్వో అమ్మా?"

"నేను వెనకాల వస్తాలే, నువ్వు పో."

పిల్ల కనుమరుగయ్యేదాకా నూర్బాను చూస్తూ కూర్చుంది. "సమితివాళ్ళు అంత చవగ్గా ఇస్తుంటే నా దగ్గరికొచ్చావేంటే పిచ్చిదానా?"

మొర్జినా ఇంటివైపు చూసింది. ఖలేక్ గుమ్మంలోనే కూర్చుని ఉంటాడు.

"అక్కడ డబ్బు మా ఆయనది, బాకీ నాది. ఇక్కడ రెండూ నావే ఖాలా."