రెండో మాత్ర

కనకరాజు రెండో మాత్ర కూడా మింగాడు. ఇకనుంచి పూటకి ఒక్కటే వేసుకోమని కిడ్నీ డాక్టరు చెప్పి పన్నెండు రోజులైంది. భార్య సుగుణ వంటింట్లో దోసె తిరగేస్తోంది.

మెడ పక్క గడ్డ కాలరుకు తగులుతోంది. లింఫోమా అన్నారు, ఒకరకం క్యాన్సరు. చిన్నప్పుడెప్పుడో ఒంట్లో చేరిన వైరస్ పని అట. పెట్టిన కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా ఏడేళ్ళుగా మింగుతున్న మాత్రలు ఒంటి కాపలాని నిద్రపుచ్చాయట, వైరస్ లేచిందట. మాత్ర తగ్గిస్తే ఒళ్ళే దాని సంగతి చూడొచ్చు, చాలకపోతే ఇంజెక్షన్లు ఉన్నాయి అన్నాడు డాక్టరు.

కనకరాజు నమ్మలేదు. ఒక్క పూట మానినా కిడ్నీ పోతుందని ఏడేళ్ళు బెదిరించింది ఈ డాక్టరే. జబ్బు పెరిగితే మందు పెంచుతారు గానీ తగ్గిస్తారా? తనమీద ఆశ వదిలేసుకున్నారు, చెప్పడం లేదు. పైగా ఆ కిడ్నీ సుగుణది.

సిడ్నీలో వాళ్ళుండే గిరావీన్ నుంచి పారమట్టా ఆఫీసుకు బస్సెక్కాడు. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. బాగుందని వాళ్ళంటే నమ్మకపోవడానికే పదహారేళ్ళుగా జీతమిస్తున్నారు. ఆ రోజు పుట్టినతేదీ గడిలో ఫిబ్రవరి ముప్ఫై కొట్టి చూశాడు. ప్రోగ్రాము తీసుకుంది. తప్పుల జాబితాలో రాశాడు.

మధ్యాహ్నం మూడింటికి క్లినిక్ నర్సు వైశాలి ఫోన్ చేసింది.

"అంకుల్, బ్లడ్‌లో మందు లెవెల్ అస్సలు తగ్గలేదు. పూటకి ఒకటే వేసుకుంటున్నారా?"

"మా ఆవిడ చెప్పిందా?"

"రిపోర్ట్ చెప్పింది అంకుల్. ఆంటీ మీద పడతారేంటి?"

అతను వెంటనే లేచి ఇంటికి వచ్చేశాడు.

"నా మాత్రలు లెక్కపెడుతున్నావు కదూ?"

"పెడుతున్నానండీ," అంది సుగుణ. "నాలుగు రోజుల్నించి తెలుసు. మీరే చెప్తారని చూస్తున్నా."

"నీ కిడ్నీ పోతే?"

"ఇచ్చేశాక నాదేంటండీ? అది పోతే డయాలసిస్‌కి వెళ్దాం. మీరు పోతే నేనెక్కడికెళ్ళను?"

ఆ పూట మాత్రల వేళకి అరచెయ్యి చాపి చూపించాడు. ఒక్కటే ఉంది.

గడ్డ ఆగలేదు. ఇంజెక్షన్లూ దాన్ని ఆపలేకపోయాయి. ఏడో వారం, మంగళవారం పొద్దున, సుగుణ దుప్పటి సర్దుతుండగా పోయాడు. కిడ్నీ చివరిదాకా పనిచేసింది.

"ఆ పన్నెండు రోజులూ వేసుకోకపోయుంటే?" అని ఆమె డాక్టర్ని అడిగింది. చెప్పలేమన్నాడు. ఆమె నమ్మలేదు.

వస్తువులు తెచ్చుకోవడానికి అతని ఆఫీసుకు వెళ్ళింది. బల్ల మీద రెండు లీటర్ల నీళ్ళ సీసా. కిడ్నీ ఎండకూడదని దాని మీద గంటకో గీత గీసుకున్నాడు. నీళ్ళు మూడింటి గీత దగ్గర ఉన్నాయి.