చంద్రికల మీద పిగిలిపిట్ట

బైరకూరులో కోళ్ళ సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచబోయింది.

పట్టుపురుగులు పండాక గూళ్ళు అల్లుకోవడానికి చంద్రికల మీద, అంటే వెదురుతో అల్లిన పెద్ద తడికల మీద వేస్తాం. మావి పది, ఒకే తాడుతో కట్టి వసారా దూలానికి వేలాడదీసి ఉన్నాయి. ఈ పంటకని దించబోతే, పైఅంచున పిగిలిపిట్ట గూడు కట్టి మూడు గుడ్లు పెట్టి ఉంది. నల్లకుచ్చు తల, తోక కింద ఎర్రమచ్చ. నన్ను చూసి అరిచిన అరుపు వింటే ఇల్లు దానిదే అనుకోవాలి!

"యాడన్నా వేరే చంద్రికలు అడుగుదామా అత్తా?" అంది కోడలు అర్పిత. ముళబాగిలులో సైన్సు టీచరు.

"ఎందుకమ్మా? పురుగులు పండేలోపల గుడ్లు పగిలి పిల్లలు లేస్తాయి. లేచిన దినమే తల్లి ఎనకాల నడిచిపోతాయి. నేను చూడని పిల్లలా?"

"ఇది కోడి కాదత్తా..."

"పాఠాలు ఇస్కూల్లో చెప్పుకో పో."

సోమవారం పిల్లలు లేచాయి. బుధవారం పొద్దున పురుగులు పండాయి. మేత మానేసి, తలలెత్తి ఊగుతున్నాయి. సాయంత్రంలోపు చంద్రికలకు ఎక్కించకపోతే దారమంతా ఆకుల్లోనే కక్కేస్తాయి. నెల కష్టం మట్టిపాలే. గూట్లోకి తొంగి చూశాను. నడవడం దేవుడెరుగు, పిల్లలింకా కళ్ళే తెరవలేదు. ఒంటిమీద ఒక్క ఈక లేదు.

ఒళ్ళు మండింది. కొడవలి తెచ్చి తాడు మీద పెట్టాను. గూడు కదిలిందో లేదో, మూడు తలలూ లేచి నోళ్ళు బార్లా తెరిచాయి. నన్నే తల్లి అనుకున్నాయి, పిచ్చి మొద్దులు. నాకు ఏడుపొచ్చింది. చెయ్యాడలేదు.

"కోడి నేలమీద బతికేది. పిల్ల పుట్టగానే పరిగెత్తాల," అంది అర్పిత మెల్లగా. "ఇది కొమ్మ పట్టే జాతి. పిల్లలు బోడిగా, గుడ్డిగా పుడతాయి. పది పన్నెండు దినాలు గూట్లోనే పెట్టి మేపాల."

"ముందే చెప్పేదానికేమి?"

అర్పిత నవ్వింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఖాళీ చంద్రికలున్నది పక్కింటి ఓబలప్ప దగ్గరే. పోయిన నెల నా కోళ్ళు ఆయన రాగిమడి గీకాయని గొడవైంది. "నీ గడప తొక్కితే నేను పిల్లమ్మనే కాదు" అని ఊరంతా వినేలా అరిచాను. "నీ ఇంటి నీళ్ళు కూడా తాగను" అని ఆయనా అరిచాడు. ఇప్పుడు సిగ్గు చంపుకుని వెళ్ళి, గడప ఇవతలే నిలబడి పిలిచాను.

"గడప తొక్కనంటివే అక్కా?"

"తొక్కినానా? బయటే గదా ఉండేది. చంద్రికలు ఇస్తావా, ఇయ్యవా?"

ఆయన సంగతంతా విని, కడుపు పట్టుకుని నవ్వి, పదీ తనే మోసుకొచ్చి మా వాకిట్లో దించి పోయాడు. లోపలికి మాత్రం రాలేదు. పంట దక్కింది.

పది రోజులకు చంద్రికలు తీసుకుపోదామని వచ్చాడు. ఒకటి ఎత్తి నిలబెట్టాడో లేదో, గూట్లోంచి ఒక పిల్ల తపతపా ఎగిరి ఆ చంద్రిక అంచున వాలింది. అదే దాని మొదటి ఎగురుడు.

"కదలొద్దు మామా!" అంది అర్పిత. "కాలి వేళ్ళు చూడండి. ముందర మూడు, ఎనక ఒకటి. కోడికి ఎనకేలు చిన్నది, కొంచెం పైన ఉంటాది. దీనికి పొడుగు, కొమ్మను చుట్టేస్తాది. కాలు ముడిచి కూర్చుంటే నరం లాగి వేళ్ళు వాటంతటవే బిగుస్తాయి. నిద్రపోయినా పడదు."

నిజంగానే ఆ పిల్ల కళ్ళు మూసి కునుకు తీస్తోంది.

"ఇంగ నా గతేమి?" అన్నాడు ఓబలప్ప గుసగుసగా.

"కూర్చో," అన్నాను.

చంద్రికను నిలబెట్టి పట్టుకునే, మెల్లగా మా వసారా మెట్టు మీద కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. ఒక చేత్తో అందుకుని తాగేశాడు. ఆ చేతిలో ఇంకో గ్లాసు పెట్టాను, అదీ తాగాడు. పిట్ట లేవలేదు.

అంతలో నా కోళ్ళు వరసగా ఆయన రాగిమడిలోకి దిగాయి. ఓబలప్ప చూశాడు. కోళ్ళను చూశాడు, పిట్టను చూశాడు, పళ్ళు కొరుక్కుని అట్లాగే కూర్చున్నాడు.

కొంగు బిగించి నేనే పరిగెత్తాను.