మిషన్ అడగని ప్లేటు

అక్క తొమ్మిదో ప్లేటును మైక్రోస్కోపు కింద పెట్టింది. నిజానికి దాన్ని చూడమని ఎవరూ చెప్పలేదు. ప్లేట్లలో పెంచే కణాల్లో ఏవి బాగున్నాయో, ఏవి పాడయ్యాయో ఇప్పుడు కంప్యూటరే చెబుతుంది. దానికి సందేహం వచ్చినవే ఆమె ముందుకొస్తాయి. రెండేళ్ల కిందట రోజుకు మూడు వందలు వచ్చేవి. పోయిన నెల ముప్పై. ఈరోజు నాలుగే. పదిగంటలకల్లా అయిపోయాయి.

ల్యాబులో అందరికీ ఆమె అక్కే. ఇరవై రెండేళ్లు వంగి చూసీ చూసీ, నిలబడ్డప్పుడు కూడా మెడ కాస్త ముందుకే ఉంటుంది. కంప్యూటరుకు నేర్పిందీ ఆమే. ఫొటోల్లో లక్ష కణాల చుట్టూ మౌసుతో గీతలు గీసి, ఏది పాడైందో గుర్తుపెట్టి ఇచ్చింది. మూడు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, వచ్చినప్పుడల్లా ఆమె ముందుకొచ్చే ప్లేట్లు ఇంకా తగ్గుతాయి. సందేహాలు సున్నా అయిన రోజు తన సంగతేమిటని ఎవరినీ అడగలేదు. ఖాళీగా కనబడకూడదని, అది అడగని ప్లేట్లు కూడా తీసి చూస్తోంది.

తొమ్మిదో ప్లేటు అంచున సన్నని పూసల్లాంటివి కనిపించాయి. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అమ్మాయ్, ఇలా రా. దీన్లో బూజు పడుతోంది."

పరిశోధన చేస్తున్న అమ్మాయి పరుగున వచ్చింది. ఈ పన్నెండు ప్లేట్ల ఫలితాలతో సాయంత్రానికి పరిశోధన పేపరు పంపాలి. ఇంకోచోట ఇంకెవరో ఇదే పని మీదున్నారు, వాళ్లు ముందు పంపితే ఏడాది కష్టం నీళ్లపాలే.

"మిషన్ బాగుందంది కదక్కా!"

"అంటే అంది. నువ్వొకసారి కన్ను పెట్టు."

అమ్మాయి చూసింది. ముఖం పాలిపోయింది. ఇద్దరూ కలిసి పన్నెండు ప్లేట్లూ వెతికారు. నాలుగు పాడయ్యాయి.

"నువ్వు లేకపోతే మునిగిపోయేదాన్నక్కా," అంటూ చెయ్యి పట్టుకుంది అమ్మాయి. అక్క గుండె తేలికపడింది. అంతలోనే అమ్మాయి, "ఆ పూసల చుట్టూ గీతలు గీసిచ్చెయ్. దానికీ నేర్పేద్దాం," అంది.

అక్క గీసింది. ఒక్క పూస కూడా వదల్లేదు.

మూడున్నరకు కంప్యూటరు మరో ప్లేటు పాడైందని చూపించింది. మధ్యాహ్నం బాగుందని అక్క పక్కన పెట్టినదే అది.

"లేదే, చూశానుగా," అంటూ ఆమె మళ్లీ వంగింది. అరగంట వెతికింది. ఒక మూల, రెండే రెండు పూసలు.

"ఉన్నాయి," అంది మెల్లగా.

సాయంత్రం ల్యాబు పెద్దాయన ఆమెను గదిలోకి పిలిచాడు. "రేపట్నుంచి కింద స్టోరు చూసుకోండమ్మా. కళ్ళకీ కాస్త విశ్రాంతి."

"సరేనండి."

తెల్లకోటు విప్పి మడతపెడుతుంటే భర్త ఫోన్ చేశాడు. "ఏంటి, గొంతలా ఉంది?"

"ఏం లేదు. కళ్ళు లాగుతున్నాయి, అంతే. వస్తున్నా."

మర్నాడు అక్క కుర్చీలో అమ్మాయి కూర్చుని మైక్రోస్కోపు మీదికి వంగింది. వెలుగు రెండు వలయాలుగా విడిపోయి కనబడింది. కళ్ళు పెట్టి చూసే ఆ రెండు గొట్టాలు ఇంకా అక్క కళ్ళ మధ్య ఎడానికి సరిపడేలాగే ఉన్నాయి.