వంతెన అవతలి జవాబు

బుయా ఊళ్లో ఇంటర్నెట్ ఆపేసి రెండు నెలలు దాటింది. ఎందుకు ఆపారో చెప్పినవాళ్లు లేరు, ఎప్పుడిస్తారో చెప్పేవాళ్లు అంతకన్నా లేరు. ముంగో నది మీది వంతెన దాటితే మాత్రం అంతా మామూలే. ఒకే దేశం, ఒకే జెండా, ఈ ఒడ్డునే నోరు నొక్కడం. ఇదెక్కడి న్యాయమో ఏలినవాళ్లకే తెలియాలి.

ఆ పుణ్యమా అని నమోండోకి ఒక పని దొరికింది. మొగుడు పోయి ఆరేళ్లు, బడులు మూతపడ్డాక పంతులమ్మ ఉద్యోగమూ లేదు. ప్రతి గురువారం ఇరుగుపొరుగుల ఫోన్లన్నీ చేమదుంపల సంచిలో వేసుకుని బస్సెక్కేది. జనం ఇంట్లోనే మెసేజీలు రాసి పంపు మీట నొక్కేవారు. అవి కదలకుండా గడియారం గుర్తుతో అలాగే ఉండిపోయేవి. వంతెన దాటగానే ఉన్న టీకొట్టులో ఆమె ఫోన్లన్నీ బల్లమీద పరిచి ఆన్ చేసేది. పోవాల్సినవి పోయేవి, రావాల్సినవి వచ్చేవి. మోతలు సద్దుమణిగాక అన్నిటినీ ఆపేసి తెచ్చేది. ఎవరి మెసేజీ అయినా చదివితే ఒట్టు. అది ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు.

తన ఫోను మాత్రం ఇంట్లో సొరుగులోనే ఉండేది. నాకు రాసేదెవరులే అనుకుని ఒక్కసారి కూడా వెంట తీసుకెళ్లలేదు.

"పోస్టాఫీసు వచ్చింది, కాస్త జరగండి," అనేవాడు బస్సు డ్రైవరు. ఆడవాళ్లని అక్కడ మర్యాదగా ఇయా అంటారు. "ఇయా, నాకేమన్నా ఉత్తరాలున్నాయా?"

"మీ ఆవిడ తిట్లున్నాయి. పైకి చదవమంటావా?"

బస్సంతా నవ్వేది. నవ్వులయ్యాక ఆమె కిటికీవైపు తిరిగి రబ్బరు తోటలు చూస్తూ కూర్చునేది. టీకొట్టులో ముందున్న ఇరవై ఏడు ఫోన్లూ మోగుతుంటే ఒక్కటీ తనకోసం కాదని తెలియడం ఎంత నరకమో ఎవరితో చెప్పుకుంటుంది?

వాటిలో ఆమె ప్రాణంలా చూసుకునేది మోలా లియోంగా ఫోను. మోలా అంటే అయ్యగారు; ఆయన పక్కింటాయన. కోర్టు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు, భార్య పోయింది. సాయంత్రాలు కంచెకి చెరోవైపు నిలబడి మాట్లాడుకునేవారు. రోజు మొత్తంలో నమోండోని పేరు పెట్టి పిలిచే మనిషి ఆయనొక్కడే. నెట్ ఆపినందుకు ఖండం మొత్తానికీ ఉన్న హక్కుల కమిషన్‌కి ఆయన అర్జీ పెడుతున్నాడని ఊరందరికీ తెలుసు.

"దేశాలన్నీ సంతకం చేసిన కాగితం ఉంది ఇయా. మనిషి మాటకి అడ్డుపడకూడదని. నెట్టూ మాటే కదా. రోడ్డులాగా అందరిదీ."

"సంతకం చేసినవాళ్లకి అది గుర్తుందంటారా?"

"గుర్తు చెయ్యడానికేగా గుమాస్తాలున్నది."

ఒక గురువారం పొద్దున ఫోను చేతికిస్తూ, ఎటో చూస్తూ అన్నాడు. "ఇందులో నా విన్నపం ఒకటుంది ఇయా నమోండో. దానికి జవాబు రావాలి."

ఆ మధ్యాహ్నం ఆమె బస్సు దిగేసరికి కంచె దగ్గర నిలబడి ఉన్నాడు.

"జవాబు వచ్చిందా?"

ఆయన ఈమెయిల్ ఒక్కటీ చూసే అనుమతి ఆమెకుంది. "రాలేదు మోలా. ఈసారి తప్పకుండా వస్తుంది."

ప్రతి గురువారం అదే ప్రశ్న, అదే సమాధానం. రానురాను ఆయన మాటలు తగ్గాయి. చివరికి ఒకరోజు అన్నాడు. "మా కోర్టులో గడువులోగా జవాబు రాకపోతే కాదన్నట్టే. ఈస్టరు దాకా చూస్తాను. తర్వాత క్రిబీలో మా చెల్లెలి దగ్గరికి పోతాను. ఒక్కడికి ఈ ఇల్లు ఎక్కువే."

ఆయన పోతే ఇక సాయంత్రాలు నమోండోకి పలకరింపుండదు. ఈస్టరు ముందు గురువారం ఆఖరి బస్సుదాకా టీకొట్టులోనే కూర్చుంది, ఆ ఈమెయిల్ తెరుస్తూ, మూస్తూ. ఏమీ రాలేదు.

మంగళవారం ఆయన పెట్టె సర్దుకున్నాడు. పోతూ పోతూ ఫోను ఆమెకిచ్చాడు. "కమిషన్ జవాబు ఎప్పటికైనా వస్తే మీరు చూడండి. నాకిక రాసేవాళ్లెవరూ లేరు."

"నన్ను మన్నించండి మోలా. ఒక్క జవాబు తెచ్చివ్వలేకపోయాను."

ఆయన ఆమెవైపు వింతగా చూశాడు. పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులకి నెట్ వచ్చింది. జనం వీధుల్లోకొచ్చి ఎగిరారు. ఇక నమోండో సంచితో ఎవరికీ పనిలేదు. ఆమె ముందుగా ఆయన ఫోను ఆన్ చేసి ఈమెయిల్ చూసింది. ఏమీ లేదు. దాన్ని వంటింటి గూట్లో పెట్టి, ఏమీ తోచక, సొరుగులోంచి తన ఫోను తీసి ఛార్జింగు పెట్టింది.

పదకొండు మెసేజీలు. అన్నీ మోలా లియోంగావే.

"ఇయా నమోండో, కంచె దగ్గర నోరు పెగలక రాస్తున్నాను. వంతెన అవతల మీరొక్కరే ఉంటారు, నిదానంగా చదువుకుంటారు. నాకూ ఎవరూ లేరు, మీకూ లేరు. మన మధ్య కంచె తీసేద్దామా? ఇష్టం లేకపోతే జవాబివ్వకండి, నేను అర్థం చేసుకుంటాను."

మరొకటి. "కమిషన్ జవాబుకి ఏళ్లు పడుతుందని నాకు తెలుసు. నేను వారంవారం అడిగేది దాని గురించి కాదు."

ఆఖరిది. "గడువు అయిపోవచ్చింది. నా తప్పుంటే మన్నించండి."

మెసేజీ చేరిందో లేదో చెప్పే ఒక గీత, రెండు గీతల మర్మాలు ఆ పాతకాలపు గుమాస్తాకి తెలియవు. ఫోన్లు మోసే మనిషి తన ఫోను మాత్రం ఇంట్లో వదిలేసి పోతుందని ఆయన కలలో కూడా అనుకొని ఉండడు. తనకి రాసిన ఉత్తరాలని పదకొండు గురువారాలు తనే మోసింది, తనే పంపింది, ఇంటికొచ్చి ఆయన మొహం మీదే రాలేదంది. నమోండో గోడకి చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని రాసింది. "తీసేద్దాం మోలా. ఇవాళే."

ఈసారి గడియారం గుర్తు రాలేదు. నొక్కీ నొక్కగానే వెళ్లిపోయింది. వంటింటి గూట్లో ఆయన ఫోను టింగుమని మోగింది.