ఈతకొలను మీద ఒపేరా

మా ఇంగ్లీషు ఊరు స్కార్‌బెక్‌లో పాటల నాటకాలాడే ఒపేరా కంపెనీ పెట్టింది మా నాన్న క్లిఫర్డ్. ఉన్ని మిల్లు కార్మికుడికి ఒపేరా ఎందుకని అప్పట్లో పెద్దమనుషులు తెగ బాధపడ్డారు. నాన్న చలికాలంలో ఊరి ఈతకొలను ఖాళీ చేయించి, పైన చెక్కలు పరిపించి, లోతు వైపున వేదిక కట్టాడు. పాటలన్నీ మా ఇంగ్లీషులోనే. టికెట్టు ఖరీదు వేయించిన చేప పొట్లం కన్నా మించకూడదన్నది ఆయన పట్టుదల.

మొదటి ప్రదర్శన నాడు కోరస్‌లో సగంమంది మిల్లు షిఫ్టులో ఇరుక్కుపోయారు. చివరి పాట చప్పబడిపోతుంటే, చర్చిలో పాడి పాడి గొంతులు పదునెక్కిన జనమే లేచి అందుకున్నారు. అందరికన్నా ముందు లేచింది మా అమ్మ ఐవీ. అప్పటినుంచి చివరి పాట జనానిదే. నాన్న పోయాక కూడా అమ్మ ముందు వరసలో కూర్చుని ఆ పాట పాడేది. నిరుడు ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది.

"ఈ ఒక్క చలికాలం పాడగలిగితే చాలే" అంది నాతో.

సరిగ్గా అప్పుడే మమ్మల్ని ఉద్ధరించడానికి లండన్ నుంచి కొత్త డైరెక్టరు క్రిస్పిన్ వేరింగ్ గారు దిగారు.

"ఒపేరా డబ్బున్నవాళ్ల సొత్తు కాదు. దాన్ని సామాన్యుల దగ్గరికి తీసుకెళ్లాలి" అన్నారు మొదటి రిహార్సల్లోనే.

"వాళ్లు మొదట్నుంచీ ఇక్కడే ఉన్నారు కదండీ?" అన్నాను. కోరస్‌లో పాడే ఈ హేజెల్‌కి నోరెక్కువని ఆయనకు అప్పుడే అర్థమైంది.

సామాన్యులకు సులువుగా ఉండాలని పాటలు ఇటాలియన్‌లోకి మార్చారు. అవి అర్థం కావాలని పైన తెర మీద ఇంగ్లీషు వేశారు. 'ఏ బట్టలతోనైనా రావచ్చు' అని పోస్టరు అంటించగానే, అంతవరకూ ఆ ఊసే లేని జనం ఏం కట్టుకోవాలా అని బెంగపెట్టుకున్నారు. ప్రదర్శన నాడు తలుపు దగ్గర అందరికీ ఓ సూచనల కాగితం. అందులో చివరి మాట: ప్రేక్షకులు పాడరాదు.

అమ్మ అది చదివి, మడిచి సంచీలో పెట్టుకుంది. "పోనీలేవే, పెద్ద చదువులు చదివినవాడు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

తెర వెనక కోరస్ వాళ్లతో చెప్పాను. "చివరి పాటకి మనం నోరు మూసుకుందాం."

"పీకేస్తాడేమోనే" అన్నాడు మాంసం కొట్టు హెరాల్డ్.

"జీతమిస్తే కదా పీకడానికి!"

చివరి పాట వచ్చింది. వాద్యాలు మోగాయి. మేం బొమ్మల్లా నిలబడ్డాం. వేదిక పక్కన క్రిస్పిన్ గారు చేతులు ఊపేస్తున్నారు. వాద్యాలు పాపం మళ్లీ మొదటికొచ్చాయి.

"ఒసేయ్ హేజెల్! పాట మర్చిపోయి చచ్చారా ఏంటే?" ముందు వరసలోంచి అమ్మ అరిచింది.

అవునన్నట్టు తల ఊపాను. అమ్మ కుర్చీ పట్టుకుని లేచి, మా పాత ఇంగ్లీషు మాటలతోనే ఎత్తుకుంది. మధ్యలో ఊపిరందక ఆగిపోయింది. వెనక హాలంతా లేచి ఆ చరణం అందుకుంది. ఊపిరి కూడదీసుకుని ఆఖరి చరణం అమ్మే పాడింది. వేదిక మీదే నేను భోరున ఏడ్చేశాను.

ప్రేక్షకులతో పాడించాలన్న ఆలోచన అద్భుతమని ఎవరో పత్రికాయన మెచ్చుకునేసరికి, క్రిస్పిన్ గారి కోపం కాస్తా గర్వమైపోయింది. గుమ్మం దగ్గర అందరికీ చేతులు కలుపుతూ అమ్మ వైపు ఆప్యాయంగా వంగారు.

"చూశారా మేడమ్, ఒపేరా అందరిదీ! మీకు ఇదే మొదటిసారా?"

అమ్మ ఆయాసం తీర్చుకుని, ఆయన చెయ్యి తట్టింది.

"నాక్కాదు నాయనా, మీకే అనుకుంటా. కంగారుపడకండి, అలవాటైపోతుంది."