పందిట్లోకి పోయిన జేజి మాట

మా చెల్లెలు శిరీన్ నిఖా కమలాపురంలో మా ఇంటి ముందే పెట్టుకున్నాం. మగవాళ్లు పందిట్లో, ఆడవాళ్లు లోపలి గదిలో. మా జేజి, అంటే మా నాయన తల్లి, జులేఖా బీ ముందే నన్ను పట్టుకుంది.

"ఒరే హబీబూ, ముగ్గురు కూతుర్లకు నిఖాలు చేసినా. పెండ్లికొడుకు ఖబూల్ అనేది ఒక్కసారి గూడా నా చెవిన పడ్ల్యా. లోపల కూచోని బిర్యానీ వాసన చూడ్డమే. శిరీన్‌దన్నా వినాల. డిగ్రీ చదివినోనివి గదా, ఏమన్నా చెయ్."

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. అదీ బీకాం. అయినా జేజికి కాదని చెప్పలేకపోయాను.

కడపకు పోయి వైర్లు తెచ్చి, ఫోన్లో వీడియోలు చూస్తూ బిగించాను. పందిట్లో కెమెరా, మైకు పెట్టాను. బొమ్మ వైరును కిటికీలోంచి లోపలి టీవీకి, మాట వైరును గడప మీదుగా లోపలి స్పీకరుకు కలిపాను. పెండ్లికూతురు ఒప్పుకోవడం పందిట్లోనూ వినిపించాలని లోపల ఇంకో మైకు, పందిట్లో ఇంకో స్పీకరు పెట్టాను.

చిన్నాయన ఖాసిం సాహెబ్ చూసి, "ఏమప్పా, ఇది పెండ్లిల్లా, సాలెగూడా?" అన్నాడు.

నిఖా రోజు పెండ్లికూతురి తరఫున మాట్లాడే వకీలు, సాక్షులు లోపలికి పోయి ఈ పెండ్లి ఒప్పుకుంటావా అని అడిగారు. శిరీన్ "ఖబూల్" అన్నది పందిట్లో స్పష్టంగా వినిపించింది. ఆ సంతోషంలో లోపలి మైకు ఆపడం మరిచిపోయి ఖాజీగారి పక్కన నిలబడ్డాను.

పెండ్లికొడుకును మూడుసార్లు అడగడం మా ఆచారం. ఖాజీగారు బద్వేలు పెండ్లికొడుకు ఫిరోజ్‌ను మొదటిసారి అడిగారు. అతను ముఖం మీదికి వేలాడే పూల సెహరా వెనక నుంచి మెల్లగా "ఖబూల్" అన్నాడు. వెంటనే పందిట్లో స్పీకరులోంచి జేజి గొంతు మోగింది.

"బొమ్మ ఉండాది, మాట యాడ పోయె? పూలు కదుల్తాండాయి, అంతే. పూల సందులోంచి చూస్తే పిల్లోడు బాగుండాడు లే. ముక్కు మాత్రం వాళ్ల నాయనదే, శానా పొడుగు!"

ఫిరోజ్ వాళ్ల నాయన ముక్కు తడుముకున్నాడు. పందిరంతా ఒకటే నవ్వు.

నేను గడప దగ్గరికి పరుగెత్తాను. వంటవాళ్లు బిర్యానీ డేగిసాను సరిగ్గా మాట వైరు మీదే దించారు. వైరు తెగిపోయింది. అతికించే సమయం లేదు.

"ఈసారి గూడా అంతేనా!" అని స్పీకరులో జేజి నిట్టూర్చింది.

ఆ మాటకు ఫిరోజ్ సెహరా పక్కకు తొలగించాడు. ఖాజీగారు రెండోసారి అడగ్గానే, లోపలి గది వైపు తిరిగి గొంతెత్తి అరిచాడు.

"ఖబూల్!"

"ఆ! ఇన్నాప్పా, ఇన్నా!" అంది జేజి.

మూడోసారి ఇంకా గట్టిగా అరిచాడు.

"చాల్లే నాయనా, గొంతు పోతాది. బిర్యానీ తినాల గదా!" అంది స్పీకరులోంచి జేజి.