విరహం జీతం

ఏమోయ్ అల్లుడూ, పెళ్లాం నాలుగు రోజులు ఊరెళితే మొహం వేలాడేసుకుని తిరుగుతావే, ఆ పనికి జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందని తెలుసా నీకు? నవ్వకు. మిలటరీలో ఉంది. కావాలంటే అక్కడి వంటమాస్టర్ ఒకాయన్ని చూడు.

పొద్దున్న ఆరయింది. మూడొందల మంది జవాన్ల కూరకి అప్పటికే రెండో బస్తా ఉల్లిపాయలు తరుగుతున్నాడు. పొట్టి మనిషి. పద్దెనిమిదేళ్ల ఆవిరికి చేతులు మోచేతుల దాకా వెంట్రుకన్నది లేకుండా నున్నబడిపోయాయి. కత్తి పట్టే చూపుడువేలు మీద శనగగింజంత కాయ. ఉల్లిపాయలకి కళ్లు చెమర్చడం ఎప్పుడో మానేశాయి.

ఇల్లాలికీ పిల్లలకీ దూరంగా డ్యూటీ చేసేవాళ్లకి జీతం మీద ఇంకాస్త ఇస్తారు. కాగితాల మీద దాని పేరు ఎడబాటు భత్యం. బారక్‌లో అందరూ విరహం జీతం అంటారు. భార్య చూడ్డానికి రావచ్చు. నెల దాటి ఉందా, ఆ డబ్బు ఆగిపోతుంది. వంటమాస్టర్ కూతురి నర్సింగ్ చదువు నడిచేది దాంతోనే.

ఆయన భార్య వచ్చి, క్యాంపు గేటు బయట అద్దెగదిలో దిగి, ఆ రోజుకి సరిగ్గా ముప్ఫై రోజులు. "డబ్బు పోతుంది, వెళ్లిపో" అని కట్టుకున్నదానితో ఏ నోటితో అంటాడు? అందుకని ముందురోజు ఒక అబద్ధం అల్లాడు.

"రేపు మా యూనిట్ కొండల్లోకి ట్రైనింగ్‌కి పోతోంది. నువ్వు ఒంటిగంట బస్సుకి బయల్దేరు."

"చలా అక్కడ?"

"ఆఁ... చలే."

"స్నానానికి వేడినీళ్లుంటాయా?"

"ఉంటాయేమో."

"ఏమో అంటారేంటండీ, కాచేది మీరే కదా!"

నమ్మేసింది పిచ్చిది, అనుకున్నాడు. గట్టెక్కినందుకు సంతోషించాల్సిన మనిషికి లోపల ఏదో కలుక్కుమంది.

అదేమిటో ఆయనకి అంతుపట్టలేదు. ఆవిడ లేకపోతే డబ్బిస్తారు, ఉంటే ఆపేస్తారు. మరి ఇన్నేళ్లూ తను వండినందుకు పుచ్చుకున్నాడా, ఆవిడ పక్కన లేనందుకు పుచ్చుకున్నాడా? ఆ పొద్దున్న ఎనిమిదింటికి పంపేద్దామనుకున్నాడు. తొమ్మిదింటికి ఉంచేద్దామనుకున్నాడు. పదింటికి కూతురు గుర్తొచ్చి మళ్లీ పంపేద్దామనుకున్నాడు.

"మాస్టారూ, ఇవాళ గాలి వండుతున్నారా?" అన్నాడు తోటి వంటవాడు. చూస్తే ఖాళీ గుండిగ కింద మంట భగభగలాడుతోంది.

పదకొండున్నరకి గరిటె అవతల పడేసి, ముందు కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా జీతాల ఆఫీసుకి నడిచాడు.

"బాబూ, నా విరహం జీతం ఆపేయాలి. కాగితం ఎక్కడ రాయాలి?"

గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "మరి అమ్మాయి ఫీజు?"

"అప్పో సప్పో చేస్తా. మా ఆవిడ ఉంటుంది."

"ఆ కాగితం నేను తీసుకోను మాస్టారూ."

"అదేం?"

"మీ ఆవిడ పోయినవారం ఇక్కడికొచ్చారు. ఏ తారీఖు దాకా ఉండొచ్చో అడిగి తెలుసుకున్నారు. 'ఆయన వెళ్లమని చెప్పలేక ఏదో అబద్ధం ఆడతారు, నేను నమ్మేస్తాలే. ఆఖరి రోజున మనసాగక మీ దగ్గరికి పరిగెత్తుకొస్తారు. ఆయనేం రాసిచ్చినా పుచ్చుకోకండి' అన్నారు."

వంటమాస్టర్ నవ్వాలో ఏడవాలో తేలక గేటు దాటి పరిగెత్తాడు.

ఇంటి ఓనరమ్మ తాళంచెవి చేతిలో పెట్టింది. "పదిన్నర బస్సుకే వెళ్లిపోయిందయ్యా. ఒంటిగంట దాకా ఉంటే మీరొచ్చి ఆపేస్తారంది."

గదంతా ఊడ్చి ఉంది. మంచం మీద, నాలుగు జతల బట్టలు మడతపెట్టి, పైన ఉన్ని మఫ్లర్ చుట్టి, పట్టీలు బిగించి, కొండల్లోకి పోయే మనిషికని సర్దిన సంచీ.